అమరావతి సింహాలు

పిల్లలూ! సున్నపురాయి అనగానే మనకు గోడలకు వేసే సున్నం గుర్తుకు వస్తుంది. అదే రాతితో పూర్వం మన శిల్పులు సింహాలను చెక్కారు.

సుమారు రెండువేల సంవత్సరాల క్రితం కృష్ణాతీరాన అమరావతిలో గొప్ప బౌద్ధస్తూపం వెలసింది. దానికి పలనాటి సున్నపురాయి వాడారు. ద్వారాల వద్ద సింహాల విగ్రహాలు నిలిపారు. ఆ స్తూపశిల్పాలు ఒక్క రాజు చేయించినవి కావు. గృహస్థులు, వర్తకులు, భిక్షువులు, భిక్షుణులు, ఒక చర్మకారుడు కూడా వాటికి దానాలిచ్చారు. దాతల పేర్లు బ్రాహ్మీలిపిలో రాళ్ళపై ఉన్నాయి. చెక్కిన శిల్పుల పేర్లు చాలావరకు మనకు తెలియవు.

పెద్ద జంతువిగ్రహం చెక్కమని ఎవరైనా కోరితే శిల్పి మొదట రాయిని సుత్తితో తట్టి చూస్తాడు. ఖంగుమని మోగితే మంచిరాయి. బొంగురుగా పలికితే లోపల పగులు ఉన్నట్లు. సున్నపురాయి పొరలు పొరలుగా ఏర్పడుతుంది. పొర తీరు తెలియక దెబ్బ వేస్తే చెవో, తోకో ఊడిపోతుంది. తరువాత రాతిపై జంతువు ఆకారాన్ని ముందునుండి, పక్కనుండి గీస్తాడు. మొన ఉలితో అక్కరలేని రాయిని పెచ్చులుగా తీస్తాడు. ముక్కు, చెవుల దగ్గర కొంత రాయి ఎక్కువగానే ఉంచుతాడు. మట్టిబొమ్మకు ముక్కు మళ్ళీ పెట్టవచ్చు. రాతిబొమ్మకు ఆ వీలు లేదు. చివరకు సన్న ఉలితో జూలు, గోళ్ళు తీరుస్తాడు.

ఈ రాయి మెత్తనిది కనుక ఉలికి లొంగుతుంది. కాని కాలిస్తే సున్నమవుతుంది. అదే ఆ శిల్పాలకు ముప్పు తెచ్చింది. స్తూపం పాడుబడిన తరువాత కొందరు ఆ రాళ్ళను కట్టడాలకు తీసుకుపోయారు. మరికొన్నింటిని సున్నం కోసం కాల్చారు. శిల్పి ఎన్నో దినాలు శ్రమించి చెక్కిన రాయి బట్టీలో బుట్టెడు సున్నమైంది! 1816లో కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి మిగిలిన శిల్పాలకు బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అక్కడ తవ్వకాలు జరిపాడు. అలా దక్కిన శిల్పాలు నేడు అమరావతి, చెన్నై, లండన్ మ్యూజియాలలో ఉన్నాయి.

చెన్నై ఎగ్మోరు వెళ్ళినప్పుడు వాటిని తప్పక చూడండి. శిల్పి పేరు కనబడదు. అతని పనితనం కనబడుతుంది.

అర్థాలు
దాత = దానం చేసినవాడు
జూలు = సింహం మెడమీది వెంట్రుకలు
బట్టీ = సున్నం కాల్చే ఆవము

ప్రశ్నలు
1. అమరావతి స్తూపశిల్పాలకు ఎవరెవరు దానాలిచ్చారు?
2. శిల్పి రాయిని ముందుగా ఎందుకు తట్టి చూస్తాడు?
3. సున్నపురాయి గుణాలు శిల్పానికి ఎలా మేలు చేశాయి? ఎలా కీడు చేశాయి?
4. మీ ఊరిలోని పాత శిల్పాన్ని గురించి ఐదు వాక్యాలు రాయండి.