చెరువు గట్టు మీద కరెంటు పాఠాలు

ఏలూరులో ఏళ్ల తరబడి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చెప్పినవాణ్ణి. సర్ సి.ఆర్.రెడ్డి ఇంజనీరింగ్ కాలేజీ 1989 నుంచి ఇక్కడ ఉంది, తాడేపల్లిగూడెంలో నిట్ 2015లో వచ్చింది. ఈ చుట్టుపక్కల సోలార్ ప్రాజెక్టులు చేసే పిల్లలకూ, చేయించే మాస్టర్లకూ చెప్పాలనుకున్నవి ఇవి.

1. ముందు లోడు చూడండి, ప్యానెల్ సంగతి తర్వాత. కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల అవసరం ఎక్కువగా రాత్రిపూటే. పగలు నీటిలోని ప్లాంక్టన్ ఆక్సిజన్ తయారుచేస్తుంది. చీకటి పడ్డాక అదే ప్లాంక్టన్ చేపలతో పాటు ఆక్సిజన్ వాడుకుంటుంది. తెల్లవారుజాముకు నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) బాగా పడిపోతుంది, చేపలు పైకి తేలతాయి. రైతుకు నిద్ర పట్టని వేళ అది, ప్యానెల్ ఒక్క యూనిట్ కూడా ఇవ్వని వేళా అదే. మబ్బు పట్టిన రోజైతే ప్లాంక్టనూ తగ్గుతుంది, ప్యానెలూ తగ్గుతుంది.

లెక్క వేయించండి. రెండు హెచ్‌పీ ఏరియేటర్ అంటే సుమారు ఒకటిన్నర కిలోవాట్లు. రాత్రి 8 గంటలు తిరిగితే 12 యూనిట్లు. మన ఎండకు ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. అంటే ఒక్క ఏరియేటర్‌కే 3 కిలోవాట్ల ప్యానెల్ కావాలి. మోటారులో, బ్యాటరీలో పోయేది దీనికి అదనం. పగటి కరెంటును రాత్రికి ఎలా చేరుస్తారన్నదే అసలు ప్రాజెక్టు. అది రాయని రిపోర్టుకు నేను మార్కులు వేయను.

2. ఊకను చిన్నచూపు చూడకండి. ధాన్యం బరువులో సుమారు ఐదో వంతు ఊకే. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల మిల్లుల్లో అది గుట్టలుగా పడుతుంది, ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్లలో ఎప్పటినుంచో మండుతోంది. ఎండతో పనిలేని ఇంధనం, చీకటి గంటలకు కరెంటు ఇవ్వగలది. కాకపోతే ఊకలో మళ్లీ ఐదో వంతు బూడిదవుతుంది, అందులో అధికభాగం సిలికా. అది గాలిలో కలిస్తే పక్క వీధివాళ్ల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. బూడిద ఎక్కడికి పోతుందో కూడా పిల్లలే లెక్క చెప్పాలి. ఎలక్ట్రికల్, మెకానికల్, కెమికల్ పిల్లల్ని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి.

3. భీమవరం దగ్గర గొల్లవానితిప్పలో కాలువ మీద కట్టిన 1 మెగావాట్ సోలార్ ప్లాంటుకు పిల్లల్ని తీసుకెళ్లండి. గుజరాత్‌లో చంద్రాసన్ దగ్గర 2012లో నర్మదా కాలువ మీద మొదలైన పద్ధతి ఇది. సెంటు పొలం కూడా పోదు. వేడెక్కేకొద్దీ ప్యానెల్ ఉత్పత్తి పడిపోతుంది కాబట్టి కింద నీరుండటం మేలే. అక్కడ ఇంజనీరుతో మాట్లాడి వచ్చేయకండి. పూడిక, గుర్రపుడెక్క తీసేటప్పుడు మెషీన్ ఎటునుంచి దిగుతుందో కాలువ చూసుకునే లస్కరును అడగండి.

4. కొల్లేరు మీద తేలే ప్యానెళ్లు వద్దు. అది 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. సింహాద్రి థర్మల్ కేంద్రం రిజర్వాయర్‌లో వేశారంటే అది మనిషి కట్టుకున్న నీళ్లు. కొల్లేటి ఒడ్డున ఆటపాక గూడబాతులకు వేరే సరస్సు లేదు.

5. కొనుక్కొచ్చిన ప్రాజెక్టును వైవాకు రానివ్వకండి. ఒక రైతును ఒప్పించి, ఒకే చెరువు మీద డీఓ మీటరు, ఎనర్జీ మీటరు పెట్టి ఏడాది పొడుగునా రీడింగులు రాయించండి. వానాకాలం తప్పకుండా అందులో ఉండాలి. ఆ పుస్తకం తర్వాతి బ్యాచ్‌కు అప్పగించండి, ఒక కాపీ రైతుకివ్వండి.