జనరేటరు మీట

విద్యార్థులారా! జనరేటరు నడచుచున్నను ఇంట దీపములు వెలుగకున్నచో, తప్పు చేంజోవర్ స్విచ్చిలో నుండవచ్చును. దాని మీటకు స్థానములు మూడు: లైను, ఆఫ్, జనరేటరు. ఆ రెండు విద్యుత్తులును ఎన్నడును కలియకుండ చూచుటయే దాని పని.

మీట పనిచేయలేదని కొందరు జనరేటరు తీగను గోడ ప్లగ్గులో గ్రుచ్చెదరు. ఎంత ఘోరము! ఆ 230 వోల్టుల విద్యుత్తు వీధి ట్రాన్సుఫార్మరులో వెనుకకు నడచి 11,000 వోల్టుల వరకు పెరుగును. లైనులో కరెంటు లేదని నమ్మి స్తంభమెక్కిన వాని ప్రాణము తీయును.

మీరు చూడదగినది స్వల్పము: జనరేటరు బ్రేకరు పడినదా? మీట సగములో నిలిచినదా? మూత విప్పరాదు. లైను వైపు కొనలకు ఏ క్షణముననైనను కరెంటు రావచ్చును. కాలిన వాసన వచ్చినచో జనరేటరు నాపి, లైసెన్సుగల ఎలక్ట్రీషియనును పిలువుడు. అతడును మెయిను తీసి, టెస్టరుతో పరీక్షించిన పిమ్మటనే విప్పవలెను.

ఒకనాడు బిగిసిన మీటను నేనే సుత్తితో కొట్టబోగా, తొమ్మిదవ తరగతి చదువు మా అమ్మాయి వారించినది. విప్పించి చూడగా లోపలి స్ప్రింగు విరిగియుండెను.