గ్రూపు వదిలేసిన అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

  అమ్మమ్మ మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది, గోడ పట్టుకోకుండా వీధి అరుగు దాకా వస్తోంది. మీ నాన్న దాళ్వా నాట్లు పూర్తి చేయించాడు.

నిన్న మీ అమ్మ వచ్చి ఒక మాట చెప్పి బాధపడింది. మన ఊరి కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపులోంచి నువ్వు బయటికి వచ్చేశావట. ‘వాళ్ళకి నేను జనవరి 26కీ ఆగస్టు 15కీ తప్ప గుర్తురాను’ అన్నావట. నీ కోపం నాకు అర్థమైంది. నీ యూనిఫాం ఫొటో స్టేటస్‌లో పెట్టి జై జవాన్ అన్నవాడు, మర్నాడు నువ్వు లైను దొరికించుకుని ఫోన్ చేస్తే ఎత్తకపోతే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అయినా నువ్వు తిరిగి ఆ గ్రూపులో చేరాలిరా. ఎందుకో కాస్త ఓపిగ్గా చదువు.

మేం ఆర్మీలో చేరిన రోజుల్లో జవానుకి పింఛను రావాలంటే 15 ఏళ్ళు చేయాలి. ఇంటికొచ్చేసరికి మా ఈడువాళ్ళ పిల్లలు హైస్కూల్లో ఉండేవాళ్ళు. అయినా పింఛను ఉంది, మాజీ సైనికుడన్న పేరుంది, ఎలాగో నిలదొక్కుకున్నాం. నువ్వు అగ్నివీరుడివి. నీది నాలుగేళ్ళ లెక్క. ఇప్పుడున్న నిబంధన ప్రకారం నలుగురిలో ఒకరికి మించి ఉంచుకోరు. ఆ ఒక్కడివీ నువ్వే కావాలని మీ అత్త ద్వారకా తిరుమల వెంకన్నకి మొక్కుకుంది. అలా కాక మిగతా ముగ్గురిలో పడ్డావనుకో, పాతికేళ్ళు నిండకుండానే సేవానిధి డబ్బు, వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు, పట్టుకుని ఊళ్ళో దిగుతావు. ఆ డబ్బు ఎక్కడ పెడితే నిలుస్తుందో, ఏ చెరువు లీజులో మునిగిపోతారో, హైదరాబాద్‌లో ఏ పని దొరుకుతుందో, కువైట్ ఏజెంట్లలో ఎవడు మోసగాడో నీకు చెప్పాల్సింది మేం కాదు. మాకు తెలియదు కూడా. రొయ్యల చెరువు మీద పడుకుంటున్న నీ స్నేహితుడు చెప్పాలి, కూకట్‌పల్లి హాస్టల్లో ఉన్నవాడు చెప్పాలి, కువైట్‌లో డ్రైవింగ్ చేస్తున్నవాడు చెప్పాలి. వాళ్ళు ఈ నాలుగేళ్ళూ ఏం నేర్చుకుంటున్నారో నీకు తెలియకపోతే, తిరిగొచ్చాక వాళ్ళ పక్కన కూర్చుని కూడా మాట కలపలేవు. అలా అయినవాళ్ళని నేను చూశాను. సొంత ఊరి టీకొట్టు దగ్గరే చుట్టాల్లా నిలబడతారు.

నువ్వొక్కడివే దూరంగా ఉన్నావని కూడా అనుకోకు. మీ పదోతరగతి బెంచీవాళ్ళలో ఊళ్ళో మిగిలింది ఎంతమంది? కువైట్ వెళ్ళినవాడికి సెలవే దొరకట్లేదు. నీకైనా ఏడాదికి 30 రోజులుంది.

దూరంగా ఉన్నవాడికి స్నేహితుడి కబురు ఎంత విలువో నాకు తెలిసింది కార్గిల్ యుద్ధంలో. 1999 జూన్‌లో మా ఫిరంగుల బ్యాటరీ ద్రాస్ దగ్గర ఉంది. రాత్రంతా గన్‌లు కాల్చి పొద్దున్నే చెవులు మూసుకుపోయి కూర్చున్నప్పుడు రేషన్ బండి మీద డాక్ వచ్చేది. ఇంటి ఉత్తరాలన్నీ ఒకటే తీరు. జాగ్రత్త, దేవుడికి దణ్ణం పెట్టుకో, త్వరగా రా. అవి చదివితే ధైర్యం రాకపోగా బెంగ పెరిగేది. ఒక్కటి మాత్రం వేరే రకంగా ఉండేది, నా స్నేహితుడు రాసిన నీలం ఇన్‌లాండ్ లెటరు. జూన్ 8న మాంచెస్టర్‌లో పాకిస్తాన్ మీద మన వరల్డ్ కప్ మ్యాచ్ జరిగింది కదా, దాని గురించి రాశాడు. 47 పరుగులతో గెలిచామనీ, వెంకటేశ్ ప్రసాద్ 5 వికెట్లు తీశాడనీ మాకు రేడియోలో ఎప్పుడో తెలుసు. ఆ ఉత్తరం నా చేతికొచ్చేసరికి తోలోలింగ్ కూడా మనవాళ్ళు పట్టేశారు. కానీ వాడు రాసింది స్కోరు సంగతి కాదు. మధ్యలో కరెంటు పోతే ట్రాక్టర్ బ్యాటరీ ఊడదీసి చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించారట. ఒక్కో వికెట్ పడినప్పుడల్లా మునసబు గారి అరుగు మీద ఎవడు గెంతాడో, ఎవడి పంచె ఊడిందో రాశాడు. కాలువకి నీళ్ళు వదిలారనీ, సార్వాకి ఈసారి ఏ వరి విత్తనం పోస్తున్నారో, మా దూడ తాడు తెంపుకుని ఎవరి పెరట్లో పడిందో, కాగితం మడత అంచుల దాకా అక్షరాలు ఇరికించి రాశాడు. యుద్ధం గురించి ఒక్క ముక్క అడగలేదు. ఆ ఉత్తరం మా గన్ డిటాచ్‌మెంట్‌లో తెలుగు వచ్చినవాళ్ళందరూ చదివారు. తమిళ కుర్రాడికి నేనే అర్థం చెప్పాను, దూడ దొరికిందా లేదా అని వాడు తర్వాత కూడా అడిగాడు.

అందుకే నీకు చెప్పేది, ఫోన్ దొరికినప్పుడు నీ సంగతి తర్వాత చెబుదువుగాని, ముందు వాళ్ళది అడుగు. ‘ఏంట్రా విశేషాలు’ అంటే ‘ఏం లేవురా’ అంటారు, అక్కడితో ఐపోతుంది. చెరువు మీద ఉన్నవాడిని రొయ్య ఎన్ని కౌంట్‌కి వచ్చిందని అడుగు, మేత రేటు అడుగు. గ్రూప్స్ పరీక్షలకి చదువుతున్నవాడిని మాక్ టెస్టులో మార్కులు అడుగు. పోయినసారి వాడు చెప్పింది ఒక చిన్న పుస్తకంలో రాసి పెట్టుకుని ఈసారి దాన్నుంచే మొదలుపెట్టు. సెంట్రీ డ్యూటీ దిగి నిద్ర ముంచుకొస్తుంటే ఏదీ గుర్తుండదు, నాకు తెలుసు.

ఇప్పుడు టవర్లు వచ్చాయి, సంతోషమే. 2023లో బీఎస్ఎన్ఎల్ సియాచిన్‌లో టవర్ నిలబెట్టింది, 2025కల్లా గల్వాన్ దాకా 4జీ అన్నారు. కానీ ఒక తంటా వచ్చిపడింది. మా రోజుల్లో ఉత్తరం రాకపోతే పోస్టాఫీసుని తిట్టుకునేవాళ్ళం. ఇప్పుడు నీలం టిక్కులు కనిపించేసరికి నేరుగా మనిషినే తప్పుపడుతున్నారు. నీ స్నేహితులకి ముందే చెప్పిపెట్టు. పోస్టు మీదికి ఎక్కితే వారాలకొద్దీ ఫోన్ ఉండదు, ఫోన్లు జమ చేయమనొచ్చు, ఉన్నా చలికి బ్యాటరీ చచ్చిపోతుంది, జవాబు రాలేదంటే అలిగినట్టు కాదు, ఏదో అయిపోయినట్టూ కాదు అని. ఇది ఎవరో ఒకరు చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది? మాధవరంలో అయితే ఇంటింటా ఫౌజీలే, అక్కడి పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు. మన ఊళ్ళో నా తర్వాత వెళ్ళింది నువ్వే.

2025 మే సంగతి నీకెవరూ చెప్పలేదనుకుంటాను. 7న ఆపరేషన్ సిందూర్ మొదలైన దగ్గర్నుంచీ 10న కాల్పులు ఆగేదాకా నీ నుంచి కబురు లేదు. ఆ మధ్యలోనే సత్యసాయి జిల్లా కల్లితండా కుర్రాడు మురళీనాయక్, నీలాంటి అగ్నివీరుడే, నియంత్రణ రేఖ దగ్గర ప్రాణమిచ్చాడని టీవీల్లో వచ్చింది. మీ అమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు, పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఆ రోజు పొద్దున్నే మీ ఇంటికొచ్చి, టీవీ కట్టేసి, రిమోట్ జేబులో వేసుకుని, చీకటి పడేదాకా అరుగు మీద కూర్చున్నవాడు ఎవరనుకున్నావు? నువ్వు ఎవడి స్టేటస్ చూసి గ్రూపు వదిలేశావో వాడే. పరామర్శ మొహాలతో ఎవరొచ్చినా వీధిలోనే ఆపి పంపేశాడు. చెరువు మీద ఆ రోజు మేత వేయడానికి తమ్ముణ్ణి పంపాడు. అది వాడు నీకు చెప్పుకోలేదు, చెప్పడు కూడా. ఫోన్ ఎత్తకపోవడం ఒక్కటే చూసి వాణ్ణి కొలవకు.

ఇక చెప్పకూడని సంగతులు. నీకు మీ సుబేదార్ సాబ్ రోజూ చెబుతూనే ఉంటారు, అయినా నేనూ చెబుతాను. 2020 జూలైలో జవాన్ల ఫోన్లలోంచి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో సహా 89 యాప్‌లు తీసేయమని ఆర్మీ ఆదేశించింది. ఆదేశాలు మారుతుంటాయి, నీ యూనిట్‌లో ఈ రోజు ఏది చెల్లుతుందో అదే పాటించు. భయం శత్రువు తెలివి గురించే అనుకుంటారు అందరూ. నాకు అంతకన్నా మన ఊరి కుర్రాళ్ళ గర్వం గురించి భయం. నువ్వు ఒక్కడికి నమ్మి పంపిన ఫొటో, వాడు సంబరం పట్టలేక నాలుగు గ్రూపుల్లో పెడతాడు. వెనక కొండ వరుస కనబడుతుంది, బండి నంబరు కనబడుతుంది. కాబట్టి బంకరు, గన్, బండి, బోర్డు ఏదీ ఫొటోలో వద్దు. లొకేషన్ వద్దు. ఫలానా తారీఖున కాన్వాయ్‌లో దిగుతున్నానని అసలే వద్దు, సెలవు తేదీ కూడా జమ్మూనో చండీగఢో దాటి రైలెక్కాక చెప్పు. నీ స్నేహితుడి స్నేహితురాలినంటూ తెలియని అమ్మాయి మెసేజ్ పెడితే జవాబివ్వకుండా పైవాళ్ళకి చూపించు, సిగ్గుపడకు. అడిగినవాళ్ళకి ‘చలిగా ఉంది, అన్నం బాగుంది, మా బడ్డీ గురక పెడతాడు’ అని చెబితే చాలు. స్నేహానికి అంతకన్నా భౌగోళిక వివరాలు అక్కర్లేదు.

రమ్ము సంగతీ చెప్పాలి. సెలవుకొచ్చే ప్రతి జవాను దగ్గరా క్యాంటీన్ బాటిల్ ఆశిస్తారు. ఒకసారి ఇస్తే తప్పులేదని మొదలవుతుంది, తర్వాత నువ్వొచ్చావంటే బాటిల్ వచ్చిందని లెక్క. అడిగితే మొహమాటపడకుండా లేదని చెప్పు. చేబదుళ్ళు కూడా అంతే. నెల తిరిగేసరికి అకౌంట్లో జీతం పడుతుందని అందరికీ తెలుసు. నిజంగా ఆస్పత్రి అవసరమైతే ఇవ్వు, తిరిగొస్తుందని ఎదురుచూడకుండా ఇవ్వగలిగినంతే ఇవ్వు.

ఒక్క విషయంలో మాత్రం నిన్ను బతిమాలుతున్నాను. మీ అమ్మకి నువ్వు ఎప్పుడూ బాగున్నాననే చెబుతావు, చెప్పాలి కూడా. నేనూ మా అమ్మకి అదే చెప్పాను. కానీ రోజులన్నీ బాగుండవు. పక్క బంకరులో నవ్విన మనిషి మర్నాడు ఉండకపోవచ్చు. భయమేస్తుంది, నిద్ర పట్టదు, ఊరికే కోపమొస్తుంది. అది చెప్పుకోవడానికి ఒక్క స్నేహితుణ్ణి ఎంచుకో. పోస్టు పేరు, తారీఖు, ఎవరు, ఎక్కడ, ఇవేవీ లేకుండానే ‘ఇవాళ మనసు బాగోలేదురా’ అని చెప్పొచ్చు. సలహా ఇవ్వక్కర్లేదు, విను చాలని వాడికి ముందే చెప్పు. అక్కడ నీతో ఉన్న బడ్డీతో చెప్పుకుంటే సగం తీరుతుంది, నిజమే. మిగతా సగం యూనిఫాం వేసుకోనివాడితోనే తీరుతుంది, ఎందుకంటే వాడి దగ్గర నువ్వు అగ్నివీరుడివి కాదు, చెరువుగట్టు మీద వాడితో కలిసి మామిడికాయలు దొంగిలించినవాడివి.

ఎవరిని ఎంచుకోవాలో నేను చెప్పను. ఆ రిమోట్ సంగతి ఒక్కటి గుర్తుపెట్టుకో.

ఉత్తరాలు కూడా రాయి. నువ్వు నవ్వుతావని తెలుసు. నీ ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ, పిన్‌తో సహా నీ అడ్రసు గ్రూపులో అందరికీ కాదు, నమ్మకమున్న ఇద్దరు ముగ్గురికి విడిగా ఇవ్వు. ఊరి పేరు లేకుండానే కవరు నిన్ను వెతుక్కుంటూ వస్తుంది, ఆర్మీ పోస్టల్ సర్వీసు ఆ పని ఎన్నో ఏళ్ళుగా చేస్తోంది. టవర్ లేని చోట కూడా కాగితం తీసి మళ్ళీ చదువుకోవచ్చు.

గ్రూపు అడ్మిన్‌తో నేను మాట్లాడాను, ఆదివారం లింకు పంపుతాడు. చేరి, ఎందుకు వెళ్ళావో వివరణలేవీ పెట్టకు. సంక్రాంతికి పందెం కోడి ఏ రంగుది తెచ్చారో అడుగు, మిగతాది వాళ్ళే మాట్లాడుకుంటారు. మీ అత్త సున్నుండలు పార్సిల్ చేస్తోంది, ఆవకాయ సీసా కారుతుందని ఈసారికి వద్దన్నాను. ఉన్ని మేజోళ్ళు కావాలంటే పాదం కొలత రాసి పంపు.

ఇట్లు,
మీ మావయ్య