జిగురు లేని అతుకు: ఇస్త్రీ వేడికి కలిసిపోయే మెరుపు పోగులు

బట్టల షాపులో ఇచ్చే సంచిని ఒకసారి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. గుడ్డలాగే ఉంటుంది కానీ అందులో పడుగూ పేకా కనిపించవు. వెంట్రుక కన్నా సన్నటి పోగులు అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. సంచి నిండా వరసలు వరసలుగా చిన్న చుక్కలు అచ్చు వేసినట్టు ఉంటాయి. ఆ చుక్కలు అందం కోసం వేసినవి కావు. వేడి రోలరు నొక్కిన చోట పాలీప్రొపిలీన్ పోగులు మెత్తబడి, కరిగి, ఒకదానితో ఒకటి కలిసిపోయిన గుర్తులవి. నేత లేదు, కుట్టు లేదు, జిగురు లేదు. సంచి బట్టను పట్టి ఉంచుతున్నవి ఆ చుక్కలే.

ఇదే కిటుకుతో ఇంట్లో గ్రీటింగ్ కార్డులు, నక్షత్రాలు, తోరణాలు తయారు చేసుకునే మెరుపు పోగులు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనూ, కొన్ని క్రాఫ్ట్ షాపుల్లోనూ దొరుకుతున్నాయి. అమెరికా, బ్రిటన్‌లలో కార్డులు చేసేవాళ్లకు, ఎంబ్రాయిడరీ చేసేవాళ్లకు ఇవి చాలాకాలంగా తెలుసు. అక్కడ బాగా వినిపించే పేరు ‘ఏంజెలినా’. ‘హాట్ ఫిక్స్ ఫైబర్’ అని కూడా అంటారు. చిటికెడు పోగులు పరిచి పైన ఇస్త్రీ పెట్టె ఆనిస్తే రెండు మూడు సెకన్లలో తూనీగ రెక్కలాంటి పల్చని రేకు తయారవుతుంది.

ఆ ‘రెండు మూడు సెకన్లు’ అన్న మాటను నేను మొదట పట్టించుకోలేదు. కిందటి డిసెంబరులో మా అక్క కూతురు, “పిన్నీ, కొత్త సంవత్సరం కార్డు నువ్వే నేర్పాలి” అని పొట్లం పట్టుకొచ్చింది. గట్టిగా అంటుకోవాలని ఇస్త్రీ పెట్టెను కాటన్ గుర్తు దగ్గర పెట్టి పావు నిమిషం అదిమి ఉంచాను. నీలం, ఊదా రంగుల్లో మెరవాల్సిన రేకు బూడిద రంగులోకి మారి పెళుసుగా తేలింది. అంచుల్లో బయటికి వచ్చిన పోగులు ఇస్త్రీ పెట్టె అడుక్కి అంటుకున్నాయి. “రంగు ఎక్కడికి పోయింది?” అని అడిగింది పాప. ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదివిన దాన్ని, జవాబు వెంటనే చెప్పలేకపోయాను. ఆ జవాబే ఈ వ్యాసం.

అసలు అతుక్కోవడం అంటే ఏమిటి?

ప్లాస్టిక్ అణువులు పొడవాటి గొలుసులు. ఒక్కో గొలుసులో వేల కొద్దీ పరమాణువులు ఉంటాయి. వీటిని సేమ్యాతో పోల్చుకోవచ్చు. ఎండు సేమ్యా కట్టలు రెండింటిని ఎంత గట్టిగా నొక్కినా కలవవు. ఉడికిన సేమ్యా ముద్దలు రెండింటిని ఆనిస్తే చాలు, కాసేపటికి ఏ పోగు ఏ ముద్దలోదో చెప్పలేం.

గది వేడిలో చాలా గట్టి ప్లాస్టిక్కుల గొలుసులు ఎండు సేమ్యాలా బిగుసుకుని ఉంటాయి. ఒక స్థాయి దాటి వేడెక్కితే వాటికి కదలిక వస్తుంది. ఈ స్థాయిని ‘గ్లాస్ ట్రాన్సిషన్’ ఉష్ణోగ్రత అంటారు. మంచినీళ్ల సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్‌కు ఇది సుమారు 75 డిగ్రీల సెల్సియస్. ఆ సీసాలో మరిగే నీళ్లు పోస్తే ముడుచుకుపోవడం మీరు చూసే ఉంటారు. పెట్ పూర్తిగా కరగడానికి 250 డిగ్రీలు దాటాలి కాబట్టి సీసా కరిగిందనుకోవడం పొరపాటు. సీసాను ఊది తయారు చేసేటప్పుడు సాగదీసిన గొలుసులకు వేడి తగలగానే కదిలే స్వేచ్ఛ దొరికింది, అవి మళ్లీ చుట్టలు చుట్టుకున్నాయి. మెరుపు పోగులు ఇస్త్రీ కింద కాస్త ముడుచుకోవడానికి కారణమూ ఇలాంటిదే.

రెండు పోగులు ఒకదాన్నొకటి తాకే చోట గొలుసులకు ఇలా కదలిక వస్తే, ఒక పోగులోని గొలుసుల కొసలు రెండో పోగులోకి చొరబడతాయి. చుట్టూ ఉన్న గొలుసుల మధ్య ఒక గొలుసు పక్కకి జరగలేదు. ఉన్న సందులోంచే పాములా పాకాలి. ఈ ఊహను 1971లో గణితంగా మలిచినవారు ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త పియరీ గిల్ డీ జెన్. పాలిమర్లు, ద్రవ స్ఫటికాలపై చేసిన కృషికి ఆయనకు 1991లో నోబెల్ బహుమతి వచ్చింది. చల్లారాక పాకిన గొలుసులు ఎక్కడివక్కడ బిగుసుకుంటాయి. అప్పుడు రెండు పోగుల మధ్య సరిహద్దు అంటూ ఉండదు.

ఈ సిద్ధాంతం నుంచి వచ్చే ఒక లెక్క మన పనికి నేరుగా పనికొస్తుంది. అతుకు బలం, అది పూర్తిగా కుదిరే దాకా, కాలానికి నాలుగో మూలం చొప్పున పెరుగుతుంది. అంటే సమయం 16 రెట్లు పెంచితే బలం రెట్టింపు అవుతుంది, అంతే. మొదటి ఒకటి రెండు సెకన్లలోనే చాలా పని అయిపోతుంది. నేను అదిమి పట్టుకున్న మిగతా సమయమంతా అతుకుకు పెద్దగా ఒరిగిందేమీ లేదు. నష్టం మాత్రం రంగుకు జరిగింది.

కాగితానికి ఎందుకు అంటుకోదు?

కాగితంలో ఉండేది సెల్యులోజ్. అది వేడికి మెత్తబడి కరగదు, మాడిపోతుంది. దాని గొలుసులు కదలవు కనుక పోగు గొలుసులతో పెనవేసుకోవు. అందుకే ఈ పోగులు తమలో తాము కలుస్తాయి కానీ కార్డుకు అంటుకోవు. సిలికాన్ పూత ఉన్న బేకింగ్ పేపర్‌కైతే అసలే అంటుకోవు. ఇస్త్రీ పెట్టెకూ పోగులకూ మధ్య ఆ పేపరే పెట్టడానికి కారణం ఇదే. మైనం పూసిన కాగితం వాడితే మైనం కరిగి రేకుకు పట్టేస్తుంది.

టైలర్లు చొక్కా కాలరులో పెట్టే పేస్టింగ్ బక్రంది దీనికి కాస్త భిన్నమైన పద్ధతి. దాని మీద ఉండే ప్లాస్టిక్ చుక్కలు ఇస్త్రీ వేడికి కరిగి, గుడ్డ నూలు సందుల్లోకి దిగి గట్టిపడతాయి. అక్కడ కరిగేది ఒకవైపే, రెండో వైపు గరుకుదనం పట్టు ఇస్తుంది.

రంగు లేని రంగు

ఇక పాప ప్రశ్న. ఇంద్రధనుస్సులా మెరిసే రకం పోగుల్లో ఆ మెరుపుకు మూలం రంగుపొడి కాదు. ఆ పోగులు నిజానికి చాలా పల్చని ఫిల్మును సన్నగా చీల్చినవి. ఆ ఫిల్ములో రెండు రకాల ప్లాస్టిక్కులు ఒకదాని మీద ఒకటి వంతులవారీగా దాదాపు వంద పొరలు ఉంటాయి. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు దరిదాపుల్లో ఉంటుంది.

రెండు పొరలు కలిసే ప్రతి సరిహద్దు దగ్గర కొంచెం కాంతి వెనక్కి వస్తుంది. రెండు ప్లాస్టిక్కుల వక్రీభవన గుణకాలు 1.6, 1.5 అనుకుంటే వెనక్కి వచ్చేది వెయ్యింట ఒక వంతు మాత్రమే. కానీ పొరల మందం సరిగ్గా కుదిరితే, వంద సరిహద్దుల నుంచి వచ్చే ఒకే రంగు తరంగాలు శిఖరానికి శిఖరం కలిసి బలపడతాయి. ఆకుపచ్చ రంగు తరంగదైర్ఘ్యం 550 నానోమీటర్లు అనుకుంటే, పొర మందం 90 నానోమీటర్ల దగ్గర ఉంటే ఆ రంగు మెరుస్తుంది. మిగతా రంగులు ఫిల్ము గుండా దాటిపోతాయి. రేకును పక్కకి వంచితే కాంతి నడిచే దారి లెక్క మారుతుంది, రంగు నీలం వైపు జరుగుతుంది.

సబ్బు బుడగ, నెమలి ఈక, ముత్యపు చిప్ప లోపలి భాగం మెరిసేది కూడా ఇలా నిర్మాణం వల్లే. సి.వి. రామన్ 1930లలో ముత్యపు చిప్పల రంగుల మీద, పక్షి ఈకల రంగుల మీద ప్రత్యేకంగా పరిశోధించారు.

ఇప్పుడు నా బూడిద రేకు సంగతి తేలికగా అర్థమవుతుంది. అతి వేడికి పొరలు ముడుచుకుని, వాటి మందం ఒకచోట ఒకలా మారిపోయింది. తరంగాల లెక్క తప్పింది. పోయింది రంగు పదార్థం కాదు, పొరల అమరిక. కాబట్టి ఈ పోగులకు కావలసింది ఒక ఇరుకైన వేడి కిటికీ. పైభాగం గొలుసులు పాకేంత వేడి ఉండాలి, లోపలి పొరలు చెదిరేంత ఉండకూడదు.

చేసే విధానం

కావలసినవి: వేడికి అతికే రకం పోగులు, బేకింగ్ పేపర్, ఇస్త్రీ పెట్టె, కత్తెర, నల్ల కార్డు, రెండు వైపులా అంటే టేపు.

1. కొనేటప్పుడు పొట్లం మీద వేడికి అతికే రకమేనని రాసి ఉందో లేదో చూడండి. లోహపు పూత ఉన్న కొన్ని రకాలు తమంతట తాము అతుక్కోవు. వాటిని అతికే పోగుల మధ్య కొద్దిగా కలిపితే వాటిలో చిక్కుకుని నిలుస్తాయి.

2. ఇస్త్రీ పెట్టెను సిల్కు గుర్తు దగ్గర పెట్టండి. ఆవిరి వద్దు. బట్టల లేబుళ్ల మీద ఒక చుక్క అంటే 110, రెండు చుక్కలంటే 150, మూడంటే 200 డిగ్రీలు మించకూడదని అర్థం. సిల్కు సాధారణంగా మొదటి రెండు చుక్కల మధ్య పడుతుంది. పెట్టెలోని ద్విలోహ పట్టీ వేడిని ఆపుతూ, అందిస్తూ ఉంటుంది. మొదటిసారి వేడెక్కినప్పుడు గుర్తు కన్నా కాస్త ఎక్కువకే పోతుంది. అందుకని లైటు ఆరాక మరో నిమిషం ఆగండి. వేడిని అదుపు చేసే వీలు లేని బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఈ పనికి వద్దు.

3. చిటికెడు పోగులు తీసుకుని ఏకిన దూదిలా వదులు చేసి, మడిచిన బేకింగ్ పేపర్ మధ్య పల్చగా పరవండి. పోగులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడాలి. తాకని చోట అతుకు ఉండదు. పేపర్ అంచు దాటి ఒక్క పోగూ బయటికి రాకూడదు.

4. ఇస్త్రీ పెట్టెను ఆనించి, రెండు మూడు సెకన్లకు ఎత్తేయండి. పూర్తిగా చల్లారాకే పేపర్ విప్పండి. వేడిగా ఉన్నప్పుడు లాగితే గొలుసులు ఇంకా బిగుసుకోలేదు కనుక రేకు సాగిపోతుంది.

5. నక్షత్రం, ఆకు, సీతాకోకచిలుక ఏదైనా కత్తిరించండి. మిగిలిన ముక్కల్ని పారేయకండి. కొత్త పోగుల మధ్య పెట్టి మళ్లీ ఇస్త్రీ చేస్తే కలిసిపోతాయి.

6. కార్డుకు టేపుతో గానీ, దారంతో గానీ బిగించండి.

నల్ల కార్డే ఎందుకు? రేకు గుండా దాటిపోయిన రంగుల్ని నలుపు మింగేస్తుంది. కంటికి చేరేది వెనక్కి వచ్చిన రంగు ఒక్కటే. తెల్ల కార్డు మీదైతే దాటిపోయిన రంగులు కూడా తిరిగొచ్చి కలిసి మెరుపును వెలవెలబోయేలా చేస్తాయి. ఒకే రేకును రెండింటి మీదా పెట్టి చూడండి, రెండు వేర్వేరు వస్తువుల్లా కనిపిస్తాయి.

రబ్బరు స్టాంపు ఉంటే ఇంకో సరదా. స్టాంపును వెల్లకిలా పెట్టి, పైన పోగులు, ఆ పైన బేకింగ్ పేపర్ వేసి ఇస్త్రీ ఆనించండి. రేకు మీద బొమ్మ ఉబ్బెత్తుగా దిగుతుంది. రబ్బరుకు ఏమీ కాదు. వల్కనీకరణంలో దాని గొలుసులను గంధకం ఒకదానికొకటి ముడివేసేస్తుంది, అందుకే అది కరిగి పారదు. గాజులా కనిపించే పారదర్శక స్టాంపులు మాత్రం వేడికి పాడవుతాయి, వాటిని వాడకండి.

దీపానికి దూరం

చేతికి అందంగా వచ్చిందని ఈ రేకును ప్రమిద చుట్టూ, కొవ్వొత్తి పక్కన పెట్టాలనిపిస్తుంది. అది మాత్రం వద్దు. ఇస్త్రీ వేడికే మెత్తబడేది మంట ముందు నిలవదు. కరిగిన ప్లాస్టిక్ చర్మానికి అతుక్కుని, తనలోని వేడినంతా అక్కడే వదులుతుంది. దీపావళికి నూలు బట్టలే కట్టుకోమని పెద్దలు చెప్పడం వెనక ఉన్నదీ ఇదే. అలంకరణకు బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్‌ఈడీ బల్బులు వాడండి. ఇస్త్రీ పని పెద్దవాళ్లదే, పిల్లలది పరచడం, కత్తిరించడం. ఒకవేళ కరిగిన పోగు చర్మానికి అంటుకుంటే లాగేయకండి. 20 నిమిషాల పాటు ధారగా పారే చల్లటి నీటి కింద ఉంచి డాక్టరుకు చూపించండి. ఐస్ గానీ, టూత్‌పేస్టు గానీ పెట్టకండి.

మరో సంగతి. ఇవి కూడా ప్లాస్టిక్కే. విడి గ్లిట్టర్ రేణువులు నేల మీద రాలి, నీటిలో కలిసి మైక్రోప్లాస్టిక్ అవుతాయన్న కారణంతో యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబరు నుంచి విడి ప్లాస్టిక్ గ్లిట్టర్‌పై ఆంక్షలు మొదలుపెట్టింది. మన దేశంలో 2022 జులై 1 నుంచి అలంకరణ థర్మోకోల్‌పై నిషేధం ఉంది. అతికిన రేకు గ్లిట్టర్‌లా రాలదు. కానీ విడి పోగులు, కత్తిరింపులు ఊడ్చి బయట పడేస్తే తేడా ఏమీ మిగలదు. పని కింద ఒక పాత పేపరు పరుచుకుని, మిగిలినవి డబ్బాలో దాచుకోండి. కార్డు మీద రేకును టేపుతో పెడితే తర్వాత ఊడదీసి మళ్లీ వాడుకోవచ్చు, కాగితం కాగితంగా రీసైక్లింగ్‌కు వెళ్తుంది.

రెండోసారి మేం సిల్కు గుర్తు దగ్గర పెట్టి, ‘ఒకటి, రెండు, మూడు’ అని లెక్కపెట్టి ఎత్తేశాం. నల్ల కార్డు మీద నీలం నక్షత్రం మెరిసింది. పాప కార్డును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ వంచి చూసింది. నీలం ఊదాగా మారింది. నా మాడిన మొదటి రేకును కూడా పారేయనివ్వలేదు. దాన్ని కార్డు వెనక టేపుతో అతికించి, కింద ‘కాటన్ గుర్తు, 15 సెకన్లు’ అని రాసుకుంది.