తోలువారు – గీతల యంత్రం

1894లో బౌరింగ్‌పేట నుంచి కోలారు బంగారు గనులకు రైలుదారి పడింది. బౌరింగ్‌పేట అంటే నేటి బంగారుపేట. కోరమాండల్, ఊరిగాం, ఛాంపియన్, మారికుప్పం అని వరుసగా స్టేషన్లు వెలిశాయి. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు జిల్లాల నుంచి పనికోసం వచ్చిన తెలుగువారూ తమిళులూ ఆ స్టేషన్లలో మూటాముల్లెతో దిగేవారు. రైలు స్టేషను దాకానే వస్తుంది. అక్కడి నుంచి ఇంటి గుమ్మం దాకా పోవాలంటే కాలినడక, లేకపోతే జట్కా.

ఈనాటి పిల్లలు జట్కాను సినిమాలో చూసి ఉంటారు. రెండు చక్రాలు, పైన వంపు తిరిగిన కప్పు, లోపల పరిచిన ఎండుగడ్డి, ముందు ఒక్క గుర్రం. పాత మైసూరు సంస్థానంలో జట్కా లేని పట్టణం లేదు. బండి చేసేది వడ్రంగి, చక్రానికి పట్టా వేసేది కమ్మరి. అయితే గుర్రాన్నీ బండినీ ఒకటిగా కలిపేది తోలుపని చేసేవాడు. ఆ మూడో మనిషిని చాలామంది మరచిపోతారు.

జట్కా గుర్రం ఒంటిమీద ఎన్ని తోలుపట్టీలు ఉంటాయో లెక్కపెడితే ఆశ్చర్యం కలుగుతుంది. నోటి దగ్గర కళ్లెం, తల చుట్టూ తలపట్టీలు, పక్క చూపులు చూడకుండా కళ్లకు గంతలు, బండివాడి చేతిదాకా వచ్చే పగ్గాలు, రొమ్ముపట్టీ, వీపుమీద చిన్న జీను, దాన్ని జారకుండా ఉంచే కడుపుపట్టీ, తోక కిందుగా పోయే తోకపట్టీ. ఇలా పొడవుగా కోసిన తోలుపట్టీని తెలుగులో ‘వారు’ అంటారు. చెప్పుకు ఉండే వారు కూడా ఇదే మాట.

ఈ వార్లు బలంగా ఉండాలి. గొలుసులో ఒక్క లంకె తెగితే గొలుసంతా తెగినట్టే. వాలుదారిలో పరుగెత్తే గుర్రానికి పగ్గం తెగిపోతే బండివాడు చేయగలిగింది ఏమీ ఉండదు. బండిలో కూర్చున్న తల్లీ బిడ్డల ప్రాణం ఆ అంగుళం వెడల్పు తోలుమీద ఆధారపడి ఉంటుంది.

ఆ తోలు ఎక్కడి నుంచి వస్తుంది? పచ్చి చర్మాన్ని సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు తీస్తారు. తర్వాత ‘లంద’ అనే తొట్టిలో తంగేడు చెక్క ఊరిన నీటిలో వారాల తరబడి ఉంచుతారు. కోలారు జిల్లా మెట్టనేలల్లో పచ్చగా పూసే తంగేడు పొదను చూడనివారు ఉండరు. బతుకమ్మలో పేర్చే ఆ పువ్వు చెట్టు బెరడులోనే చర్మాన్ని కుళ్లకుండా కాపాడే వగరు పదార్థం ఉంది. తంగేడుతో ఊనిన తోలు ఎండకు ఎర్రబడుతుంది. అందుకే చివరన కరక్కాయ నీటిలో ముంచుతారు. కానుగ నూనె పట్టిస్తే మెత్తబడుతుంది. దక్షిణదేశపు ఈ తోలు ఓడలెక్కి ఇంగ్లండు దాకా వెళ్లేది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల బూట్లకు కూడా ఇది పనికివచ్చింది.

ఇంత విద్య తెలిసినవారిని మాత్రం ఊరు దూరంగా పెట్టింది. వారు చేసిన పగ్గం పట్టుకుని బండి తోలినవాడే వారు తాగే నీటిని ముట్టుకోలేదు. ఇది సిగ్గుపడవలసిన విషయం. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో మాదర చెన్నయ్య కథ చెప్పాడు. చోళరాజు గుర్రాలకు గడ్డి మోసే చెన్నయ్య పెట్టిన అంబలిని శివుడు ఇష్టంగా ఆరగించాడని ఆ కథ. అయినా అంటరానితనాన్ని చట్టం నిషేధించడానికి 1950లో భారత రాజ్యాంగం రావలసి వచ్చింది.

ఇక వారు తయారుచేసే పనికి వద్దాం. తోలంతా ఒకే గట్టితనంతో ఉండదు. వెన్ను వెంబడి ఉన్న భాగం గట్టిది, పొట్టభాగం సాగిపోతుంది. అందుకని పగ్గాలకు వెన్నుతోలే కోస్తారు. కోసిన వారు అంచులు కత్తిలా పదునుగా ఉంటాయి. గుర్రం చర్మాన్ని అవి ఒరుస్తాయి, పుండు పడుతుంది. కాబట్టి ముందు ఆ మూలలను సన్నగా చెక్కి, తడిపి, నున్నని కర్రతో గట్టిగా రుద్దుతారు. రుద్దినకొద్దీ పీచులు అణిగి అంచు గుండ్రంగా, గాజులా మెరుస్తుంది.

తర్వాతి పని గీత వేయడం. మంచి తోలుపట్టీని దేన్నైనా దగ్గరగా చూడండి, నడుముకు కట్టే బెల్టైనా సరే. అంచుకు కొద్దిగా లోపలగా, రెండు వైపులా, సన్నని గీత లోతుగా పోతూ ఉంటుంది. అది ఊరికే అందానికి కాదు. గీత వేసినచోట తోలు అణిగి అంచు గట్టిపడుతుంది. కుట్టు ఆ గాడిలో పడితే దారం పైకి తేలదు, ఒరుసుకుని అరిగిపోదు. చేత్తో గీత వేసేవాడు చిన్న ఇనుప పనిముట్టును వెచ్చచేసి, అంచు వెంబడి ఒత్తి లాగుతాడు. ఇనుము చల్లబడితే గీత నిలవదు, మరీ కాలితే తోలు మాడుతుంది. మూడు మీటర్ల పగ్గానికి రెండు అంచులూ, రెండు ముఖాలూ లెక్కవేస్తే పన్నెండు మీటర్ల గీత! అంత దూరమూ చెయ్యి ఒకే బరువుతో నడవాలి.

ఈ కష్టం తగ్గించడానికి పుట్టినదే గీతల యంత్రం. దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. వీధిలో చెరకురసం తీసే బండిని గుర్తు తెచ్చుకోండి. రెండు ఉక్కు రోలర్ల మధ్య చెరకుగడను పెట్టి పిడి తిప్పితే, గడ నలిగి అవతలికి వస్తుంది. గీతల యంత్రం దానికి తమ్ముడు. బల్లకు బిగించిన పోత ఇనుప చట్రంలో రెండు ఇరుసులు ఒకదానిపై ఒకటి ఉంటాయి. వాటిని పళ్లచక్రాలు కలుపుతాయి. అందువల్ల పిడి ఒక ఇరుసునే తిప్పినా రెండూ సమానవేగంతో ఎదురెదురుగా తిరుగుతాయి. కింది రోలరు నున్నగా ఉంటుంది. పై రోలరుకు రెండు సన్నని కట్టులు పైకి లేచి ఉంటాయి. వారు లోపలికి పోయినప్పుడు ఆ కట్టులు రెండు అంచులమీదా ఒకేసారి గీత ఒత్తుతాయి. వారు వెడల్పు మారితే రోలరు మార్చాలి, లేదా కట్టుల మధ్య ఉంగరాలు చేర్చి ఎడం పెంచాలి. పైనున్న మరను బిగిస్తే ఒత్తిడి పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది.

గీతలే కాదు, పూలు కూడా వేయవచ్చు. కట్టులున్న రోలరు తీసి, ఆకులో, అలలో, పూలో చెక్కిన రోలరు పెడితే చాలు. ఇక్కడ కొంచెం లెక్క ఉంది. రోలరు వ్యాసం 5 సెంటీమీటర్లు అనుకుందాం. దాని చుట్టుకొలత సుమారు 15.7 సెంటీమీటర్లు. పిడి నేరుగా ఇరుసుకే ఉంటే, ఒక్క చుట్టుకు వారు 15.7 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. మూడు మీటర్ల పగ్గం ఒకసారి దాటడానికి పందొమ్మిది చుట్లకు కాస్త ఎక్కువ పడుతుంది. రోలరుమీద అయిదు పూలు చెక్కి ఉంటే, ప్రతి 3.14 సెంటీమీటర్లకు ఒక పువ్వు పడుతుంది. పూలు రోలరు చుట్టూ సమంగా ఉంటే ఎక్కడా అతుకు కనబడదు. వారు చివర సగం పువ్వు మిగిలితే, దాన్ని బకిలు మడతలో దాచవచ్చు. చుట్టుకొలత సూత్రం పరీక్షకే తప్ప దేనికీ పనికిరాదనుకునేవారు ఈ పగ్గాన్ని చూడాలి.

యంత్రం ఉన్నంత మాత్రాన ఎవరైనా చేయగలరా? చేయలేరు. తోలు పొడిగా ఉంటే గీత పట్టదు, నీళ్లు కారేటట్టు ఉంటే గీత చెదిరిపోతుంది. తడిపి, కొంతసేపు ఆరనిచ్చి, పైన ఆరినట్టు కనబడుతూ లోపల తేమ ఉన్న సమయం చూసుకోవాలి. అప్పుడు తోలు పీచులు మెత్తబడి ఒత్తిన ఆకారం తీసుకుంటాయి, ఆరాక ఆ ఆకారంలోనే గట్టిపడతాయి. మర బిగింపు మరో పరీక్ష. చాలకపోతే గీత కనబడదు. ఎక్కువైతే కట్టు పైపొరను కోసేస్తుంది. చూడటానికి లోతైన, అందమైన గీతే. కానీ తోలు బలమంతా ఆ పైపొరలోనూ దాని కిందనున్న పీచులోనూ ఉంది. కోత పడినచోటనే కొన్నాళ్లకు వారు చీలుతుంది. సింగారం కోసం బలం పోగొట్టిన వారు, మొరటు వారు కంటే ప్రమాదం. మొరటుదాన్ని చూసి జాగ్రత్తపడతాం, అందమైనదాన్ని నమ్ముతాం.

అన్ని తోళ్లూ గీతను నిలుపుకోవు. తంగేడు చెక్కతో ఊనినది నిలుపుకుంటుంది. క్రోము లవణాలతో ఊనిన తోలు రబ్బరులా వెనక్కి లేస్తుంది, గీత మాయమవుతుంది. అలాగని క్రోము తోలు చెడ్డదని కాదు. అది నీటికి బాగా ఓర్చుకుంటుంది. 1903 ప్రాంతంలో మద్రాసులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు ఈ పద్ధతిని ప్రయత్నించాడు. రైతులు బావిలోంచి నీరు తోడే కపిల బానలకు అది పనికివస్తుందని ఆయన ఆశ. తరువాతి కాలంలో ఆయన మైసూరు సంస్థానపు పరిశ్రమల శాఖకు అధిపతి అయ్యాడు. పగ్గానికి తంగేడు తోలు, బానకు క్రోము తోలు. పనిని బట్టి తోలు.

ఇలాంటి యంత్రాలు 19వ శతాబ్దంలో ఇంగ్లండు, అమెరికా దేశాల్లో జీనుల కర్మాగారాల కోసం పుట్టాయి. ఇంగ్లండులోని వాల్సాల్ పట్టణం ఆ పనికి పేరుపొందింది. మన దేశంలో 1860ల దశకంలోనే కాన్పూరులో సైన్యానికి జీనులు, పట్టీలు చేసే ప్రభుత్వ కర్మాగారం మొదలైంది. వేలకొద్దీ పట్టీలు ఒకే కొలతతో కావలసినచోట యంత్రం గిట్టుబాటు అవుతుంది. ఏడాదికి కొన్ని జతల పగ్గాలు, పది కపిల బానలు, ఎద్దుల మెడపట్టెడలు చేసే పల్లె పనివాడికి ఆ లెక్క కుదరదు. ఆరె, రంపె, గూటం, ఒక గీత ఇనుము ఉంటే అతని సరంజామా పూర్తి అయినట్టే.

గనుల్లో కూడా తోలుపట్టీకి పెద్ద పని ఉండేది. 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ ఇక్కడ గనులు నడిపింది. ఆ కాలపు యంత్రశాలల్లో ఆవిరియంత్రం శక్తిని ఒక పొడవైన ఇరుసు తీసుకునేది. ఆ ఇరుసు నుంచి ఒక్కొక్క యంత్రానికి శక్తిని అందించేవి వెడల్పాటి తోలు బెల్టులు. 1902లో కావేరీనది మీద శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల తీగ దారిన విద్యుత్తు గనులకు వచ్చింది. విద్యుత్ మోటారు వచ్చినా బెల్టు వెంటనే పోలేదు. యంత్రానికొక మోటారు పెట్టే రోజులు వచ్చాకనే అది తగ్గింది. గుర్రం శక్తిని బండికి చేర్చేది వారు, మోటారు శక్తిని మరకు చేర్చేదీ వారే!

తర్వాత బస్సు వచ్చింది, ఆటో వచ్చింది. జట్కాలు ఒక్కొక్కటిగా మూలపడ్డాయి. బావి దగ్గర కపిల స్థానంలో పంపుసెట్టు కూర్చుంది. పగ్గానికి బదులు నైలాను తాడు చవకగా దొరికింది. గనులు కూడా 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి.

తోలుపని మాత్రం పోలేదు, రూపం మార్చుకుంది. ఈ మార్పులో ఒక తెలుగువాడి కృషి పెద్దది. 1922లో గుంటూరు జిల్లా యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ, పదిమంది చీదరించుకునే తోలును తన చదువుగా ఎంచుకున్నారు. మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు 1958లో డైరెక్టరు అయ్యారు. లంద దగ్గర పనిచేసేవాడికి తెలిసిన విద్యను ప్రయోగశాలలోకి, ప్రయోగశాలలో తేలినదాన్ని లంద దగ్గరికి చేర్చాలని పాటుపడ్డారు. 1985లో విమాన ప్రమాదంలో మరణించారు.

కాన్పూరులో నేటికీ గుర్రపు పట్టీలు చేసి విదేశాలకు పంపుతారు. పిడి తిప్పే గీతల యంత్రాన్ని చేతిపనివారు ఇప్పటికీ వాడుతున్నారు. ముళబాగిలు తాలూకా ఆవని జాతరకు తోలుకొచ్చే హళ్లికారు ఎద్దుల మెడలో గజ్జెల పట్టెడ కనబడితే, దాని అంచును ఒకసారి వేలితో తడిమి చూడవచ్చు. గీత లోతు అంతటా ఒకేలా ఉంటే యంత్రం, అక్కడక్కడ కాస్త తేడా తగిలితే చెయ్యి.

కొత్త మాటలు
వారు – తోలుపట్టీ
లంద – తోలు ఊనే తొట్టి
ఊనడం – పచ్చి చర్మాన్ని కుళ్లని తోలుగా మార్చడం
కపిల – ఎద్దులతో బావినీరు తోడే సాధనం
ఆరె – తోలు కుట్టేవాడి సూది
రంపె – తోలు కోసే కత్తి
పట్టెడ – పశువుల మెడకు కట్టే పట్టీ

ప్రశ్నలు
1. తోలువారు అంచున గీత వేయడం వల్ల కలిగే ప్రయోజనాలేవి?
2. “సింగారం కోసం బలం పోగొట్టిన వారు, మొరటు వారు కంటే ప్రమాదం.” ఎందుకు?
3. రోలరు వ్యాసం 7 సెంటీమీటర్లయితే, రెండు మీటర్ల పట్టీకి పిడి ఎన్ని చుట్లు తిప్పాలి?
4. మీ ఊరిలో తోలుపని, కమ్మరిపని, వడ్రంగిపని చేసే పెద్దలను కలిసి, వారి పనిముట్ల పేర్లు తెలుగులోనూ కన్నడంలోనూ రాయండి.