ఎయిర్ బాక్స్ పగిలిందా? ముందు ఎటువైపో చూడండి

మిర్చి సీజన్‌లో గుంటూరు యార్డు వైపు వెళ్లినవాళ్లకి తెలుసు, మూతికి రుమాలు లేకపోతే తుమ్ములు ఆగవు. అక్కణ్ణుంచి చిలకలూరిపేట, అద్దంకి పల్లెల దారి పడితే నల్లరేగడి దుమ్ము, దూది పీచు. మనకి రుమాలు ఎలాగో కారు ఇంజన్‌కి ఎయిర్ ఫిల్టర్ అలాగ. ఆ ఫిల్టర్ కూర్చునే ప్లాస్టిక్ పెట్టే ఎయిర్ బాక్స్. అది పగిలితే ఏం చేయాలన్నదే ఈసారి పాఠం.

ముందు చిన్న లెక్క. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకి ఒకసారి తన కెపాసిటీ అంత గాలి పీలుస్తుంది. 1.2 లీటర్ల ఇంజన్‌ని 3000 ఆర్‌పీఎం దగ్గర పూర్తిగా తొక్కితే నిమిషానికి 1.2 × 1500, అంటే సుమారు 1800 లీటర్లు! ఆ గాలిలో ఉండే దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. మోస్ స్కేలు మీద వాటి గట్టిదనం 7. పిస్టన్ రింగులకీ సిలిండర్ గోడకీ మధ్య చేరితే గరుకు కాగితంలా అరగదీస్తాయి. తర్వాత కంప్రెషన్ తగ్గడం, ఆయిల్ తాగడం, నీలం పొగ, చివరికి ఇంజన్ విప్పడం.

అందుకే పగులు ఎంత పొడవుందని కాదు, ఎటువైపు ఉందని అడగాలి. ఫిల్టర్‌కి ముందు భాగంలో పగిలితే లోపలికొచ్చే గాలి ఎలాగూ ఫిల్టర్ దాటాలి. శబ్దం పెరుగుతుంది, వానలో నీళ్లు చేరొచ్చు, అంతే. ఫిల్టర్ తర్వాతి భాగంలో అయితే వెంట్రుకంత పగులైనా దుమ్ముకి దొడ్డిదారి.

మా బాబాయి కారులో జరిగింది ఇదే. ఒక షాపులో గమ్‌తో అతికించారు. కొన్ని రోజులకే మళ్లీ విచ్చుకుంది. చెక్ ఇంజన్ లైటు మాత్రం వెలగలేదు. ఎందుకంటే ఆ కారులో మ్యాప్ సెన్సర్ ఉంది. అది థ్రాటిల్ తర్వాత మానిఫోల్డ్ ప్రెషర్ చూస్తుంది కాబట్టి, థ్రాటిల్‌కి ముందున్న లీకు దానికి తెలియదు. మాఫ్ సెన్సర్ ఉన్న కార్లలో, ఆ సెన్సర్ దాటాక పగిలితే లెక్కలోకి రాని గాలి చేరి ఐడిలింగ్ తేడా చేస్తుంది. మీరు లైటు కోసం ఎదురుచూడకండి. ఫిల్టర్ తర్వాతి పైపు లోపల తెల్లగుడ్డతో తుడవండి. మట్టి అంటితే దుమ్ము దాటుతున్నట్టే.

గమ్ ఎందుకు నిలవలేదు? చాలా ఎయిర్ బాక్సులు పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. దాని సర్ఫేస్ ఎనర్జీ తక్కువ. నాన్‌స్టిక్ పెనానికి దోసె అంటనట్టే దానికి మామూలు జిగురు పట్టదు. కరిగించి కలపడమే దారి. అది సుమారు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది.

పని ఇలా చేయాలి:

1. బాక్స్ విప్పి, ఫిల్టర్ తీసి, ఇంజన్ వైపు పైపు మూతిని శుభ్రమైన గుడ్డతో మూయండి. బాక్స్ సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి.

2. బాక్స్ మీద ఇంగ్లీషులో పీపీ అని అచ్చు ఉందా చూడండి. పీఏ అని ఉంటే అది నైలాన్, ఈ పద్ధతి పనికిరాదు.

3. పగులు రెండు చివర్లా 2–3 మి.మీ. రంధ్రం వేయండి. స్ట్రెస్ ఒకే మొన దగ్గర పోగుపడకుండా పగులు అక్కడ ఆగుతుంది.

4. పగులు వెంట ‘వి’ ఆకారంలో గాడి తీయండి.

5. పాత సోల్డరింగ్ ఐరన్‌తో అంచులు కరిగిస్తూ, పీపీ ముక్కలు గాడిలో నింపండి. విరిగిన ప్లాస్టిక్ కుర్చీ మీద పీపీ అని ఉంటే అదే పనికొస్తుంది. పొగ వస్తే ప్లాస్టిక్ మాడుతున్నట్టు, చెయ్యి ముందుకి జరపండి. ఆరుబయటే చేయండి.

6. సన్నటి స్టీలు జాలీ ముక్కని బయటివైపు కరిగించి లోపలికి దించి, పైన ఇంకో పొర వేయండి. లోపలివైపు వేస్తే తీగ ముక్క ఊడి ఇంజన్‌లోకి పోవచ్చు.

7. పొట్టు అంతా కడిగేయండి. చీకటి గదిలో లోపల టార్చ్ పెట్టి చూడండి. వెలుతురు కనిపిస్తే దుమ్ముకీ దారి ఉన్నట్టే.

ఫిల్టర్ రబ్బరు ఆనే అంచు వంకరపోయినా, సెన్సర్ కూర్చునే చోట పగిలినా, క్లిప్పు పట్టుకునే కొక్కెం విరిగినా వెల్డింగ్ జోలికి పోకండి. ఆటోనగర్‌లో సెకండ్‌హ్యాండ్ బాక్స్ వెతకండి. ఆ ఖర్చు ఇంజన్ రిపేరు ముందు ఏ మూలకీ రాదు.

మా బాబాయి కారుకి ఇలాగే చేశాం. ఇప్పుడు ఆయన ఫిల్టర్ దులిపిన ప్రతిసారీ పైపు లోపల తెల్లగుడ్డ పెట్టి చూస్తున్నాడు. సెలవులకి ఊరెళ్లినప్పుడు మీ ఇంటి కారుకీ ఆ ఒక్క పరీక్ష చేయండి, రెండు నిమిషాల పని.