వృద్ధ వ్యవసాయ కూలీల కాళ్ల వాపు, నడకలో సంపీడన చికిత్స: సాలూరు ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

ఉత్తరాంధ్ర జిల్లాలు దశాబ్దాలుగా ఫైలేరియా ప్రబలిన ప్రాంతాల జాబితాలో ఉన్నాయి. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుంచి దేశంలో వ్యాధి ప్రబలిన జిల్లాలలో డి.ఇ.సి. మాత్రలను, తరువాతి కాలంలో దానికి తోడుగా ఆల్బెండజోల్‌ను సామూహికంగా పంపిణీ చేస్తున్నారు. ఈ మందులు రక్తంలోని సూక్ష్మ ఫైలేరియాలను తగ్గించి, క్యూలెక్స్ దోమ ద్వారా వ్యాధి మరొకరికి సోకకుండా అడ్డుకుంటాయి. అయితే ఇరవై ముప్పై ఏళ్ల క్రితమే దెబ్బతిన్న శోషరస నాళాలను అవి తిరిగి నిర్మించలేవు. వ్యాప్తి తగ్గిన తరువాత కూడా బోదకాలుతో మిగిలిపోయే తరం ఒకటి ఉంటుంది. ఆ తరంలో పెక్కుమంది నేడు వృద్ధాప్యంలో ఉన్నారు. వారిలో చాలామంది ఇంకా పొలం పనికి వెళుతూనే ఉన్నారు.

సాలూరు పట్టణం తూర్పు కనుమల పాదంలో, వేగావతి నది ఒడ్డున, కోరాపుట్‌కు వెళ్లే దారిలో ఉంది. పూర్వం విజయనగరం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. పల్లంలో వరి, మెరకలో చోడి, కొండ వాలులో జీడిమామిడి ఇక్కడి పంటలు. కొండ గ్రామాలలో సంతకైనా, ఆసుపత్రికైనా కొంత దూరం నడవక తప్పదు. నడవలేని మనిషిని డోలీలో మోసుకువచ్చే పరిస్థితి మన్యంలో ఇప్పటికీ తొలగలేదు. ఇటువంటి చోట వృద్ధుల కాలి వాపును సౌందర్య సమస్యగానో, వయసుతో వచ్చే సహజ బాధగానో చూడడం తగదు. నడక తగ్గిన వృద్ధురాలికి ముందు కూలి పోతుంది, ఆ తరువాత ఇంటి బయటి లోకమే దూరమవుతుంది.

సంపీడన చికిత్స, అంటే కాలికి బయటి నుంచి నియమితమైన ఒత్తిడి కలిగించే కట్టు లేక మేజోడు, ఈ నడకను కొంతవరకు తిరిగి ఇవ్వగలదు. అదే కట్టు సరిచూడకుండా వేస్తే కాలికే ముప్పు తెస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా ఎక్కడుందో గ్రామాలలో తిరిగే విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు తెలిసి ఉండవలసిన అవసరం ఉంది. కట్టు వేయడం వైద్య సిబ్బంది పని; ఎవరిని వారి వద్దకు పంపాలో, పొలం పనిని దానికి అనుగుణంగా ఎలా మలచాలో చెప్పడం విస్తరణ సిబ్బంది చేయగల పని.

కట్టు చేసే పని

గుండె రక్తాన్ని కిందికి పంపుతుంది. పైకి తెచ్చే పనిలో అధిక భాగం పిక్క కండరానిది. అడుగు వేసిన ప్రతిసారీ పిక్క బిగిసి సిరలను నొక్కుతుంది, సిరలలోని కవాటాలు రక్తం వెనక్కి జారకుండా ఆపుతాయి. కణజాలంలో మిగిలిన ద్రవాన్ని శోషరస నాళాలు తోడుకుపోతాయి. గంటల తరబడి నిలబడి పనిచేసేవారిలో కవాటాలు పాడై సిరలు ఉబ్బుతాయి. ఫైలేరియా పురుగు శోషరస నాళాలను పాడుచేస్తుంది. ఒకే వృద్ధురాలిలో ఈ రెండూ కలిసి ఉండడం అరుదు కాదు. కట్టు బయటి గోడవలె నిలిచి, పిక్క బిగిసినప్పుడు పుట్టే బలం వృథాగా బయటికి పోకుండా లోపలికే మళ్లిస్తుంది. నడక లేనిచోట కట్టు ప్రయోజనం సగానికి సగం తగ్గిపోతుందనడానికి కారణం ఇదే. నులక మంచం మీద రోజంతా కూర్చున్న మనిషికి కట్టు కట్టి పంపడం పూర్తి చికిత్స కాదు.

ఈ కారణంగానే కట్టు గుడ్డ రకానికి ప్రాముఖ్యం ఉంది. తక్కువ సాగే కట్టు విశ్రాంతిలో స్వల్పంగాను, నడిచేటప్పుడు బలంగాను నొక్కుతుంది. ఎక్కువ సాగే రబ్బరు కట్టు విశ్రాంతిలోనూ నొక్కుతూనే ఉంటుంది. రాత్రి పడుకునేటప్పుడు దానిని విప్పవలసి ఉంటుంది. మందుల దుకాణంలో సాధారణంగా దొరికే క్రేప్ కట్టు బెణుకులకు పనికివస్తుంది గాని, కొన్ని గంటలలోనే బిగి కోల్పోతుంది కనుక దీర్ఘకాలపు వాపుకు దానిపై ఆధారపడడం మంచిది కాదు.

ఒత్తిడి లెక్క

కట్టు కలిగించే ఒత్తిడిని లాప్లాస్ సూత్రం ఆధారంగా అంచనా వేస్తారు. కట్టును లాగిన బలాన్ని కిలోగ్రాములలో తీసుకొని, పొరల సంఖ్యతోను, 4620 అనే స్థిరాంకంతోను గుణించి, కాలి చుట్టుకొలత, కట్టు వెడల్పుల లబ్ధంతో భాగించాలి. కొలతలు సెంటీమీటర్లలో ఉంటే ఫలితం పాదరస మిల్లీమీటర్లలో వస్తుంది.

10 సెంటీమీటర్ల వెడల్పు కట్టును అర కిలో బలంతో రెండు పొరలుగా చుట్టారనుకుందాం. చీలమండ చుట్టుకొలత 24 సెంటీమీటర్లయితే అక్కడ సుమారు 19 మిల్లీమీటర్ల ఒత్తిడి కలుగుతుంది. పిక్క 36 సెంటీమీటర్లయితే అక్కడ కలిగేది సుమారు 13 మాత్రమే. చేతి బిగువు మార్చకుండానే కింద ఎక్కువ, పైన తక్కువ ఒత్తిడి ఏర్పడింది. ద్రవం పైకి కదలడానికి కావలసిన క్రమం ఇదే. పొరలు నాలుగు చేస్తే చీలమండ వద్ద ఒత్తిడి 38కి చేరుతుంది. సిరల లోపం వల్ల ఏర్పడిన పుండ్లకు సాధారణంగా లక్ష్యంగా పెట్టుకునే 40 మిల్లీమీటర్లకు ఇది దగ్గర.

చిక్కు ఇక్కడి నుంచే మొదలవుతుంది. కొండ గ్రామాలలోని అనేకమంది వృద్ధుల కాళ్లు సన్నగా, కండ తరిగి ఉంటాయి. చుట్టుకొలత 18 సెంటీమీటర్లు ఉన్నచోట అదే రెండు పొరల కట్టు 26 మిల్లీమీటర్ల ఒత్తిడి కలిగిస్తుంది. కాలి ముందరి ఎముక అంచు వంటి వంపు ఎక్కువ ఉన్న సన్నని చోట ఇది మరింత పెరిగి, పలుచబడిన చర్మం కమిలి పుండు పడవచ్చు. ముదిరిన బోదకాలులో దీనికి పూర్తిగా విరుద్ధమైన స్థితి కనిపిస్తుంది. మడతలు పడి చీలమండే పిక్కకంటె లావుగా, అంటే 40 సెంటీమీటర్లుగా ఉంటే, అక్కడి ఒత్తిడి 12కు పడిపోయి పిక్క వద్ద 13గా ఉంటుంది. క్రమం తలకిందులై ద్రవం పాదంలోకే దిగుతుంది. రెండు సందర్భాలలోనూ పరిష్కారం ఒకటే: కట్టుకు ముందు దూది లేక నురుగు పొరలతో పల్లపు భాగాలను నింపి, ఎముక అంచును కప్పి, కాలిని కిందినుంచి పైకి వెడల్పయ్యే ఆకారానికి తేవాలి. గుడ్డ ఖరీదుకంటె ఈ మెత్త పొరే ఫలితాన్ని నిర్ణయిస్తుందంటే అతిశయోక్తి కాదు.

కట్టు వేయకూడని కాలు

వాపులన్నీ బోదకాళ్లు కావు. రెండు కాళ్లూ సమానంగా వాచి, పడుకుంటే ఆయాసం వస్తుంటే గుండె వైఫల్యాన్ని అనుమానించాలి. మూత్రపిండాల జబ్బు, కాలేయ వ్యాధి, తీవ్రమైన రక్తహీనత, రక్తపోటుకు వాడే అమ్లోడిపిన్ మాత్ర కూడా వాపు కలిగిస్తాయి. అదుపులో లేని గుండె వైఫల్యంలో కాళ్లను బిగించి కడితే ఆ ద్రవమంతా గుండెపైనే భారమవుతుంది. ఒక కాలు హఠాత్తుగా వాచి పిక్క నొప్పిపెడితే సిరలో రక్తం గడ్డకట్టిందేమో ముందు తేల్చుకోవాలి.

అన్నింటికంటె ప్రమాదకరమైనది ధమనుల లోపం. పొగతాగేవారిలో, మధుమేహం ఉన్నవారిలో పాదానికి చేరే రక్తమే తక్కువగా ఉంటుంది. ఉత్తరాంధ్రలో వృద్ధ స్త్రీలలో కూడా చుట్ట తాగే అలవాటు, అందులోనూ అడ్డపొగ అలవాటు ఉన్నందున ఈ ప్రశ్న పురుషులను మాత్రమే అడిగితే చాలదు. పరీక్ష సులభమైనదే. చీలమండ వద్ద, చేతి వద్ద సిస్టోలిక్ రక్తపోటును డాప్లర్ పరికరంతో కొలిచి, మొదటిదానిని రెండవదానితో భాగించాలి. చేతిలో 150, చీలమండలో 105 ఉంటే నిష్పత్తి 0.7. 0.8కి లోపుంటే పూర్తి ఒత్తిడి తగదు, వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఏ కట్టూ వేయకూడదు. 0.5కి లోపుంటే కట్టు ఆలోచన మాని రక్తనాళాల వైద్యుని వద్దకు పంపాలి. మధుమేహంలో ధమనులు గట్టిపడి నిష్పత్తి 1.3కు మించి కనిపించవచ్చు. అది ఆరోగ్య లక్షణం కాదు, కొలత నమ్మదగినది కాదనడానికి గుర్తు. వాచిన పాదంలో నాడి వేలికి అందకపోవచ్చు కనుక, తడిమి చూడడం డాప్లర్‌కు ప్రత్యామ్నాయం కాదు. కట్టు వేసిన తరువాత వేళ్లు నల్లబడినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరిగినా వెంటనే విప్పాలని రోగికే కాక ఇంటివారికీ చెప్పి పంపాలి.

వేళ్ల సందులు

బోదకాలు ముదరడానికి పురుగు ఒక్కటే కారణం కాదు. వేళ్ల సందులలో చర్మం నాని, తెల్లబడి, చీలినచోట బాక్టీరియా ప్రవేశిస్తుంది. గజ్జలలో బిళ్ల కడుతుంది, చలిజ్వరం వస్తుంది, కాలు ఎర్రబడి వాస్తుంది. ఇలా వచ్చిన ప్రతి విడతా శోషరస నాళాలను మరికొంత పాడుచేసి, కాలిని ముందటికంటె లావుగా విడిచిపోతుంది. బ్రెజిల్‌లోని రెసీఫ్ నగరంలో గెరూసా డ్రయర్ బృందం చేసిన కృషి ఈ విషయాన్ని స్పష్టం చేసింది. వాపును ఏడు దశలుగా విభజించే పద్ధతి కూడా ఆ బృందం ఇచ్చినదే: రాత్రి పడుకుంటే తగ్గే వాపు మొదటి దశ, రోజువారీ పనులకు ఇతరులపై ఆధారపడవలసి వచ్చేది ఏడవ దశ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే కనీస సేవలలో శుభ్రత, చర్మ సంరక్షణ, వ్యాయామం, కాలిని ఎత్తుగా ఉంచడం, తగిన పాదరక్షలు ఉన్నాయి. కట్టు ఆ తరువాతి మెట్టు. కాలిని రోజూ సబ్బుతో మెల్లగా కడిగి, మడతలను, వేళ్ల సందులను మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టాలి. ఒరిసిన సందులకు శిలీంధ్ర నాశక లేపనం రాయాలి. ఎర్రబడి జ్వరం ఉన్న రోజులలో కట్టు, వ్యాయామం రెండూ ఆపి చికిత్స పొందాలి. తడి ఆరని కాలిపై కట్టు వేస్తే చర్మం లోపలే నాని, పైకి కనిపించకుండా పాడవుతుంది. కేరళలోని కాసరగోడ్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లైడ్ డెర్మటాలజీ చర్మ శుభ్రత, ఆయుర్వేద పద్ధతులు, యోగ, సంపీడన కట్టు కలిపి రోగులు ఇంటివద్దనే కొనసాగించుకోగల విధానాన్ని రూపొందించింది. గ్రామీణ పరిస్థితులలో, తక్కువ ఖర్చుతో ఇది సాధ్యమేననడానికి అది దగ్గరి ఉదాహరణ.

వృద్ధులకు అమరే పద్ధతి

మేజోళ్లు చూడడానికి సులువుగా కనిపించినా, కీళ్లు బిగుసుకున్న చేతులతో, వంగని నడుముతో వాటిని ఎక్కించుకోవడం కష్టం. సగం ఎక్కి ముడత పడిన మేజోడు ఉరివలె బిగుస్తుంది. వెల్క్రో పట్టీలతో బిగించుకునే తొడుగులు ఇటువంటి వారికి మేలు. వాపు తగ్గినకొద్దీ తామే సరిచేసుకోవచ్చు. వాపు తక్కువగా ఉండే తెల్లవారు సమయంలో, మంచం దిగకముందే కట్టు వేసుకోవాలి. కట్టుతో పాదం లావై పాత చెప్పు పట్టకపోతే జారిపడే ప్రమాదం ఉంది కనుక, పాదరక్షను కట్టుపై కొలిచి తీసుకోవాలి. ఈ చిన్న విషయాన్ని విస్మరించడం వల్ల చికిత్స మొత్తం ఆగిపోవచ్చు.

వ్యాయామం సామాన్యమైనదే: కూర్చొని మడమలు, మునివేళ్లు మార్చి మార్చి ఎత్తడం, గోడ పట్టుకొని మునివేళ్లపై లేవడం, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం, కట్టుతో నడక. ఫలితాన్ని రెండు కొలతలతో నమోదు చేయాలి. మొదటిది వాపు. కాలిని 10 సెంటీమీటర్ల ఎడంతో టేపుతో కొలిచి, ప్రతి ఖండాన్ని కత్తిరించిన శంకువుగా లెక్కిస్తారు. కింది చుట్టుకొలత 24, పై చుట్టుకొలత 28 అయితే ఆ ఖండం ఘనపరిమాణం సుమారు 539 మిల్లీలీటర్లు. రెండవది నడక. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగివచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు లేక అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్లు భావిస్తారు. వాపు తగ్గినా ఈ సమయం తగ్గకపోతే లోపం మోకాలిలోనో, కండర బలంలోనో, చూపులోనో ఉందని గ్రహించి అక్కడ వెతకాలి.

పొలం పనితో సర్దుబాటు

దమ్ము చేసిన మడిలోకి కట్టుతో దిగరాదు. తడిసిన కట్టు బురదను, సూక్ష్మజీవులను చర్మానికి అదిమి ఉంచుతుంది. గమ్ బూట్లు బురదలో కూరుకుపోతాయి కనుక అవీ ఆచరణలో నిలవవు. అలాగని వృద్ధురాలిని ఊడ్పులకే వెళ్లవద్దని చెప్పడం తేలిక గాని, ఆమె ఏటి కూలిలో పెద్ద భాగం ఆ కొద్ది వారాలలోనే వస్తుంది. ఆ సలహా ఆమెకు చికిత్సను దూరం చేస్తుందే తప్ప బురదను కాదు. దీనికంటె ఆచరణయోగ్యమైనవి కొన్ని ఉన్నాయి. పొడి దుక్కిలో విత్తే ఎద పద్ధతి, డ్రమ్ సీడర్, యంత్రపు నాటు బురదలో నిలబడే గంటలను తగ్గిస్తాయి. ఇవి విస్తరణ కార్యక్రమాలలో ఇప్పటికే ప్రచారంలో ఉన్న పద్ధతులే. వాటిని ఖర్చు, నీటి ఆదా కోణంలోనే కాక వృద్ధ కూలీల ఆరోగ్య కోణంలోనూ వివరించవచ్చు. అయితే అవి కూలి దినాలను కూడా తగ్గిస్తాయన్న సంగతి దాచకూడదు. ముఠాలో వయసు మళ్లిన వారికి నారు కట్టలు కట్టడం, విత్తన శుద్ధి, చోడి కలుపు, జీడిపిక్కల ఏరివేత వంటి మెరక పనులు అదే కూలికి కేటాయించే ఒప్పందం ముఠా పెద్దతో ముందుగా మాట్లాడుకోవడం మేలు. మడిలో దిగక తప్పని రోజున పని ముగియగానే బోరు నీటితో, సబ్బుతో కాలు కడిగి, ఆరబెట్టి, అరగంట కాలు ఎత్తుగా పెట్టుకొని, ఆ తరువాతే కట్టు వేసుకోవాలి.

రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రం, గ్రామాలలోని రైతు సేవా కేంద్రాలు, ఆశా కార్యకర్తలు కలిసి పనిచేయడానికి అనువైన కాలం తొలకరికి ముందరి మే నెల. డాప్లర్ పరీక్ష, వేళ్ల సందుల పరిశీలన, తొలి టేపు కొలత, కట్టు శిక్షణ అప్పుడు పూర్తయితే ఊడ్పుల నాటికి అలవాటు కుదురుతుంది. రెండు కాళ్లకూ నాలుగవ దశ బోదకాలు ఉన్నవారిని రాష్ట్ర ప్రభుత్వం సామాజిక పింఛనుకు అర్హులుగా గుర్తించింది కనుక, అదే సందర్భంలో అర్హులను వైద్య ధ్రువీకరణకు పంపవచ్చు. రెండవ కొలత ఊడ్పులు ముగిసిన వారంలో, మూడవది కోతల తరువాత తీసుకోవాలి. ముందటి కొలత తీసిన స్థానాలలోనే, వీలైనంతవరకు ఉదయం వేళనే, ఒకే వ్యక్తి ఈ కొలతలు తీసి రోగి వద్ద ఉండే కార్డులో రాయాలి.